పెంచాలా, తగ్గించి ఉంచాలా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వినని ఇల్లు ఉండదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను దశాబ్దాలుగా పీడిస్తున్న ఈ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే ఏమిటో అక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. కిడ్నీ మార్పిడి అయ్యాక మనిషిని ఎలా చూసుకోవాలన్నది మాత్రం చాలా ఇళ్ళకు కొత్త. అలాంటి ఒక ఇంట్లో జరిగిన వాదం ఇది. ఒకరు రిటైరైన బడిపంతులు. రెండోవారు విశాఖలో మార్పిడి వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్న ఆయన మేనకోడలు. మాస్టారి కొడుక్కి తల్లి కిడ్నీ ఇచ్చింది. ఆపరేషనై నాలుగో నెల. మనుషులు కల్పితం, వాళ్ళు మాట్లాడుకున్న వైద్యం కల్పితం కాదు.

మాస్టారు: ఏటమ్మా, పెరట్లో తిప్పతీగ కోసి, దంచి, పొద్దున్నే కాచి ఇస్తే ఆ గ్లాసు తీసుకెళ్ళి కరివేపాకు మొదట్లో పోసేశావట! వాడికి రోగనిరోధక శక్తి తక్కువని మీ డాక్టర్లే అన్నారు. తక్కువున్నదాన్ని పెంచుదామనుకోవడం కూడా తప్పేనా?

మేనకోడలు: తక్కువైంది అనలేదు మావయ్యా, తగ్గించాం అన్నారు. జబ్బు వల్ల తగ్గితే పెంచే దారి వెతుకుతాం. బావ విషయంలో తగ్గించడమే వైద్యం. రెండు పూటలా మీరు దగ్గరుండి వేయిస్తున్న మాత్రల పని అదే. ఒక చేత్తో ఆ మాత్ర, ఇంకో చేత్తో కషాయం ఇస్తే రెండూ కొట్లాడుకునేది బావ ఒంట్లోనే.

మాస్టారు: ఉన్న బలాన్ని చేజేతులా తీసేసుకోవడం ఏం వైద్యమే? మా రోజుల్లో వైద్యమంటే బలం ఇచ్చేది.

మేనకోడలు: ఒంటికి మంచీ చెడూ తెలియవు, తనదేదో పరాయిదేదో మాత్రమే తెలుసు. క్రిమి వచ్చినా కిడ్నీ వచ్చినా దానికి పరాయిదే. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ మరీ అనే సర్జన్ కిడ్నీ మార్పిడి చేశాడు. అంతకుముందు చేసినవి నిలబడలేదు, అది నిలబడింది. కారణం ఏమిటనుకున్నారు? కిడ్నీ ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకేలా పుట్టిన కవలలు. ఆ కిడ్నీని రెండోవాడి ఒళ్ళు తనదే అనుకుంది. వాళ్ళకు ఈ మాత్రల అవసరమే రాలేదు. మిగతా లోకానికి అలాంటి కవలలు ఎక్కడ దొరుకుతారు? ఒంటిని ఒప్పించే మందులు వచ్చాకే మార్పిడి అందరికీ అందింది.

మాస్టారు: కవలల సంగతి సరే. కన్నతల్లి ఇచ్చిన కిడ్నీ పరాయిదెలా అవుతుంది? తొమ్మిది నెలలు మోసిన ఒళ్ళు కదా.

మేనకోడలు: ప్రేమకు పరాయిది కాదు, రక్తకణాలకు పరాయిదే. కణాల మీద గుర్తులుంటాయి. బావ గుర్తుల్లో సగం అత్తయ్యవి, సగం మీవి. అత్తయ్య గుర్తుల్లో బావకు రాని సగం ఉంది చూశారా, ఆ సగం బావ ఒంటికి తనది కాదు. అందుకే ఆ కిడ్నీ ఎన్నేళ్ళు పనిచేసినా ఇల్లరికపు అల్లుడే. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసినా, మాత్రలు ఆగితే చాలు, నువ్వెవరని అడుగుతారు.

మాస్టారు: అల్లుడికైనా నాలుగేళ్ళకు చనువొస్తుంది. అలవాటుపడ్డాక మాత్రలు మానిపించొచ్చుగా?

మేనకోడలు: తగ్గిస్తారు, మాన్పించరు. మొదటి నెలల్లో గొడవ జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి మోతాదు ఎక్కువ. తరవాత మెల్లగా దించుతారు. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అని మూడు వాడుతున్నారు. మొదటిదాన్ని రక్తంలో కొలుస్తూ ఉండాలి. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, షుగర్ వస్తుంది, కాపాడాల్సిన కిడ్నీకే దెబ్బ. తక్కువైతే ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడుతుంది. అందుకే పన్నెండు గంటలకోసారి, గడియారం చూసి వెయ్యాలి. పరీక్ష రోజున పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్ళి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పు చెబుతుంది, ఆ తప్పు అంకెను బట్టి డాక్టరు మోతాదు మారుస్తారు. మందుల షాపులో ఆ కంపెనీది లేదు, ఇంకో కంపెనీది ఇస్తానంటే డాక్టర్ని అడగకుండా తీసుకోకూడదు.

మాస్టారు: రసాయనాలమ్మా అవన్నీ. నేనిచ్చేది చెట్టు మందు.

మేనకోడలు: టాక్రోలిమస్ కూడా మీ చెట్టుమందుకు తోబుట్టువే. 1984లో జపాన్‌లో సుకుబా దగ్గర మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. మట్టిలోంచి వచ్చినా చెట్టునుంచి వచ్చినా పనిచేసే ప్రతిదానికీ మోతాదు ఉంటుంది, చెడూ ఉంటుంది.

మాస్టారు: తిప్పతీగకు చెడేంటి? కరోనా రోజుల్లో ఊరూరా తాగారు.

మేనకోడలు: తాగాకే కొందరి కాలేయం దెబ్బతింది. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురు రోగుల గురించి రాశారు. మరుసటేడు దేశంలోని 13 ఆసుపత్రులు కలిసి 43 మందిని లెక్కగట్టాయి. చాలామందిలో కాలేయాన్ని సొంత ఒళ్ళే శత్రువనుకుని కొట్టినట్టు కనిపించింది.

మాస్టారు: ఆయుష్ శాఖవాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. పేపర్లో చదివాను. అసలు తీగ ఒకటి, దాన్ని పోలిన తీగ ఇంకొకటి, వాళ్ళు ఏది తాగారో తేల్చకుండా రాశారన్నారు. నువ్వు సగం చెప్పి వాదం గెలుస్తానంటే కుదరదు.

మేనకోడలు: నిజమే, ఆ అభ్యంతరం చెప్పారు. కోట్లమంది తాగితే దెబ్బతిన్నవాళ్ళు కొద్దిమందే అన్నదీ ఒప్పుకుంటాను. ఆ వాదం తేలేదాకా ఆగక్కర్లేదు మావయ్యా. మీ తిప్పతీగ రోగనిరోధక శక్తిని పెంచుతుందా, పెంచదా? మీరే చెప్పండి.

మాస్టారు: పెంచుతుంది. పెంచదంటే ఎందుకిస్తాను?

మేనకోడలు: పెంచకపోతే దండగ. పెంచితే కిడ్నీకి ప్రమాదం. జవాబు ఏదైనా బావకు ఆ గ్లాసు ఇవ్వడానికి లేదు. అశ్వగంధ అయినా, టీవీలో వచ్చే ఇమ్యూనిటీ పొడి అయినా ఇదే లెక్క.

మాస్టారు: సరే, ఈ ముక్కకు నా దగ్గర జవాబు లేదు. అయితే నా భయం సంగతేంటి? బలం తీసేసి, పెంచనివ్వక, వాణ్ని గాలికి వదిలేస్తారా? లోకమంతా క్రిములే కదా.

మేనకోడలు: వదిలెయ్యలేదు. మొదటి నెలలో భయం ఆపరేషన్ గాయానికి, గొట్టాలు పెట్టినచోట పుట్టే చీముకి. రెండో నెల నుంచి ఆరో నెల దాకా, మామూలు మనిషి దగ్గర కిక్కురుమనని క్రిములు తలెత్తుతాయి. సైటోమెగలో వైరస్ అలాంటిది, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ తెచ్చే న్యుమోనియా అలాంటిది. బావకు రోజూ వేస్తున్న కోట్రైమాక్సజోల్ మాత్ర ఆ న్యుమోనియా రాకుండానే. జ్వరం లేదుగా, ఈ యాంటీబయాటిక్ ఎందుకని మొన్న మీరు పక్కన పెట్టింది అదే.

మాస్టారు: పెట్టాను. గుప్పెడు మాత్రలు మింగుతుంటే చూడలేక.

మేనకోడలు: ఆపమని డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. ఇక టీకాలు. ఫ్లూ టీకా ఏటేటా వేయించాలి. న్యుమోకోకల్ టీకా, హెపటైటిస్-బి పరిస్థితిని బట్టి చెబుతారు. బావకే కాదు, మీకూ అత్తయ్యకూ కూడా ఫ్లూ టీకా వెయ్యాలి. బావకు టీకా పూర్తిగా పట్టదు, మీరు దగ్గు ఇంటికి తేకపోవడమే ఆయనకు సగం రక్ష.

మాస్టారు: దొరికిపోయావు! కషాయం శక్తిని రేపుతుందని వద్దన్నావు. టీకా రేపదా? అది వేస్తే కిడ్నీ మీదకు తిరగబడదా?

మేనకోడలు: మంచి ప్రశ్న. డాక్టర్లకూ ఒకప్పుడు ఆ భయం ఉండేది. చేసిన అధ్యయనాల్లో దానికి ఆధారం దొరకలేదు. టీకా ఒక క్రిమిని గుర్తుపట్టడం నేర్పుతుంది, ఒళ్ళంతటినీ ఎగదొయ్యదు. కాకపోతే బతికున్న క్రిమితో చేసే టీకాలు బావకు కుదరవు. తట్టుది, ఆటలమ్మది, పోలియో చుక్కలు అలాంటివి.

మాస్టారు: పెద్దమ్మాయి కూతురికి పోలియో ఆదివారం చుక్కలు వేయించాలని అంగన్‌వాడీ టీచర్ చెప్పి వెళ్ళింది. పాప ఇక్కడే ఉంది.

మేనకోడలు: పాపకు పోలియో రక్షణ ఉండి తీరాలి, అందులో రాజీ లేదు. చుక్కల్లోని వైరస్ కొన్ని వారాలు మలంలో వస్తుంది కాబట్టి ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడని పిల్లల డాక్టరుకు ముందే చెప్పాలి. వాళ్ళు సూది టీకా దారి చూస్తారు. ఎలాగైనా పాపకు కడగడం, డైపర్ మార్చడం బావ చెయ్యకూడదు. మార్చినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మాస్టారు: తిండి దగ్గరికి రా. పెరట్లో పంపరపనస విరగకాసింది, పండైనా తిననివ్వవా అంటే నీ మొహం మారిపోయింది.

మేనకోడలు: మిగతా పండ్లు కడిగి, తొక్క తీసి ఇంట్లోనే కోసి పెట్టండి. పంపరపనస, దాని చుట్టం గ్రేప్‌ఫ్రూట్ మాత్రం వద్దు. వాటిలోని పదార్థం టాక్రోలిమస్ ఒంట్లో కరగడాన్ని ఆపుతుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. రోడ్డు పక్క చెరకురసం, ఐసు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, పచ్చిపాలతో చేసిన పంచామృతం, సగం ఉడికిన గుడ్డు, పచ్చి మొలకలు వద్దు. చేపైనా కోడైనా బాగా ఉడికి వేడిగా ఉండాలి. నీళ్ళు కాచి చల్లార్చాలి, పైపులో మంచి నీళ్ళే వస్తున్నా సరే.

మాస్టారు: కొబ్బరితోట పెట్టుకుని బొండం తాగొద్దంటారు. అదేం క్రిమి?

మేనకోడలు: అందులో క్రిమి లేదు, పొటాషియం ఉంది. టాక్రోలిమస్ వేసుకునేవారికి రక్తంలో పొటాషియం పెరుగుతుంటుంది. పరీక్షలో అంకె బాగుంటే డాక్టరే తాగమంటారు. అది ఎప్పటికీ నిషేధం కాదు.

మాస్టారు: అదిగో, ఆ మాట ఆసుపత్రివాళ్ళిచ్చిన జాగ్రత్తల కాగితం మీద ఎందుకు లేదు? నేను ముప్పైయేళ్ళు పాఠం చెప్పినవాణ్ని, ఆ కాగితం చదివాను. పెళ్ళికి వెళ్ళొద్దు, గుడికి వెళ్ళొద్దు, తోటకు వెళ్ళొద్దు, చుట్టాలు రావద్దు. అన్నీ వద్దులే. ఎన్నాళ్ళో ఎక్కడా లేదు. వాడికింకా నిండా ముప్పైనాలుగు లేవు. డయాలసిస్ రోజుల్లో వారానికి మూడు పూటలు మిషను దగ్గర ఉండేవాడు, మిగతా రోజుల్లో ఊళ్ళో నలుగురితో కూర్చునేవాడు. ఇప్పుడు గదిలో గోడను చూస్తున్నాడు. కిడ్నీ బతికి మనిషి చస్తే ఏం లాభం? బలం కోసం కషాయం ఇవ్వలేదమ్మా, వాడి మొహంలో కళ లేదని ఇచ్చాను.

మేనకోడలు: ఈ మాటలో తప్పు పట్టలేను మావయ్యా. గడువు చెప్పని నిషేధాన్ని ఎవరైనా కొన్నాళ్ళు పాటిస్తారు, తరవాత విసుగెత్తి ఒక్కసారిగా అన్నీ వదిలేస్తారు. అన్నిటితోపాటు మాత్రలూ వదిలేస్తారు. మార్పిడి జరిగిన కొన్నేళ్ళకు కిడ్నీలు పోవడానికి మాత్రలు సరిగా వేసుకోకపోవడం ఒక పెద్ద కారణం. ప్రతి వద్దు పక్కన ఎప్పటివరకో రాయాలి. అది మా పని, మేము చెయ్యాలి.

మాస్టారు: అయితే ఇప్పుడు రాయి.

మేనకోడలు: బావ రిపోర్టులు చూసి డాక్టరు మార్చొచ్చు. మామూలుగా నడిచే తీరు చెబుతాను. మొదటి ఆరు నెలలు జనంతో కిక్కిరిసిన హాలు, ఇల్లు కూల్చేచోటి దుమ్ము, జలుబుతో వచ్చిన చుట్టం, ఇవి తప్పించుకోవాలి. రోజూ నడక ఇప్పటినుంచే మంచిది, పొద్దున్నే జనం లేని రోడ్డు మీద. తోటలోకి వెళ్ళొచ్చు, కాళ్ళకు బూట్లు, చేతులకు తొడుగులు ఉండాలి. పెంటకుప్ప తవ్వడం, కుళ్ళిన ఆకులు ఎత్తడం వద్దు, అక్కడి బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. స్నేహితుల్ని రమ్మనండి. ఇద్దరో ముగ్గురో రావాలి, వరండాలో కూర్చోవాలి, దగ్గు ఉన్నవాడు ఫోన్లో మాట్లాడాలి. ఆరునెలలు దాటి, అంతా సవ్యంగా ఉంటే ఉద్యోగానికి వెళ్ళొచ్చు. పెళ్ళికి మాస్కు పెట్టుకుని వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం ఇంటికొచ్చి చెయ్యొచ్చు.

మాస్టారు: ఇలా చెబితే ఎవరు వినరు? ఒకటడుగుతాను. జ్వరం వస్తే? మన ఆర్‌ఎంపీ డాక్టరు మంచివాడే, అర్ధరాత్రైనా వస్తాడు.

మేనకోడలు: మంచివాడే కావొచ్చు. బావకు సూది మాత్రం వెయ్యనివ్వొద్దు. నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయి. క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి టాక్రోలిమస్‌ను అమాంతం పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని అంతగానూ పడగొడుతుంది. మనదేశంలో మార్పిడి రోగులకు టీబీ ఎక్కువ కాబట్టి ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి రేపు చూద్దామనుకోకుండా ఆ రోజే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. ఒక్కోసారి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ జ్వరాన్ని పైకి రానివ్వదు. ఆయాసం, మూత్రం తగ్గడం, కిడ్నీ పెట్టినచోట నొప్పి, ఒక్కసారిగా బరువు పెరగడం, వీటిలో ఏదున్నా జ్వరంతో సమానమే.

మాస్టారు: వాడి సంగతి తేలింది. మరి ఊళ్ళో మిగతావాళ్ళ మాటేంటి? ఎదురింటావిడకు కాన్సరు మందు ఎక్కిస్తున్నారు, మా వియ్యంకుడికి షుగరు. వాళ్ళకూ నా కషాయం పనికిరాదా?

మేనకోడలు: ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం, కారణాన్ని బట్టి మందు. కీమో ఎక్కించాక వారం, రెండు వారాల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు జ్వరమొస్తే గంటల్లో ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లకణాలు త్వరగా పెరగడానికి సూది కూడా ఉంది, ఎవరికి కావాలో డాక్టరు చెబుతారు. షుగరున్నవారికి షుగరును అదుపులో పెట్టడమే రక్షణ. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండినప్పుడు, ఆ వచ్చినవాళ్ళలో చాలామంది అదుపులేని షుగరు, కరోనాకు వాడిన స్టెరాయిడ్లు కలిసి దెబ్బకొట్టినవాళ్ళు. కీళ్ళవాతానికి నెలల తరబడి స్టెరాయిడ్ వాడేవారు భయపడి ఒక్కసారిగా మానేస్తే అదీ ప్రాణం మీదికి తెస్తుంది. హెచ్ఐవీలో మాత్రం తగ్గిన శక్తిని నిజంగా పెంచే మందులున్నాయి. ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. రోజూ వేసుకుంటే పడిపోయిన సీడీ4 అనే రక్షణ కణాలు మళ్ళీ లేస్తాయి.

మాస్టారు: తిండి లేక శక్తి తగ్గినవాడి సంగతి చెప్పవేం? మన దేశంలో అదే ఎక్కువ. వాడికి మాత్రలు కాదు, ముద్ద కావాలి.

మేనకోడలు: అక్కడ మీదే గెలుపు. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళలోవాళ్ళకు తిండిగింజలు, పప్పు ఇచ్చి చూశారు. 2023లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. తిండి లేక తగ్గిన శక్తికి తిండే మందు.

మాస్టారు: చూశావా! నేను మొదటినుంచీ అంటున్నది అదే, బలం ఇవ్వాలని.

మేనకోడలు: ఎవరికివ్వాలో చూసి ఇవ్వాలనే నేనూ అంటున్నది. బావకు కూడా పప్పు, గుడ్డు, చేప సరిపడా పెట్టండి, గాయం మానాలిగా. ఉప్పు తగ్గించండి, షుగర్ పరీక్ష చేయించండి. కషాయం మాత్రం మానండి.

మాస్టారు: వాడికి మానేస్తాను. నేను తాగుతాను, నువ్వేం చెప్పినా.

మేనకోడలు: మీ ఇష్టం. మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి తాగుతున్నానని మీ డాక్టరుకు చెప్పండి. కళ్ళు పచ్చబడినా మూత్రం ముదురు రంగుకు మారినా ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోండి.

తిప్పతీగ మీద ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు, రావలసిన పని కూడా లేదు. వాళ్ళు తేల్చుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరికైనా రోగనిరోధక శక్తి తక్కువగా ఉందని డాక్టరు చెబితే, ఎలా పెంచాలని అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎందుకు తగ్గింది? తగ్గిపోయిందా, కావాలని తగ్గించి ఉంచారా? ఆ జవాబు వినేదాకా కషాయం, పొడి, టానిక్కు, ఎవరు ప్రేమతో తెచ్చి ఇచ్చినా రోగి నోట్లో పొయ్యకండి. జాగ్రత్తలు రాసిచ్చే డాక్టర్లకు, నర్సులకు కూడా ఒక విన్నపం: ఏది వద్దో రాసేటప్పుడు, అది ఎప్పటివరకు వద్దో కూడా రాయండి.